అన్నిటికన్నా పాత రాయి వెంట పడకండి

భూమి తొలినాళ్ళ జీవం మీద పరిశోధన చేయాలని వచ్చే విద్యార్థుల్లో చాలామంది మొదట అడిగేది ఒకటే. ఇప్పటిదాకా దొరికిన వాటిలో అన్నిటికన్నా పాత ఆనవాలు ఏది, దానికన్నా పాతది మనం పట్టుకోగలమా అని. వార్తలు కూడా ఈ పందెం చుట్టూనే తిరుగుతాయి. నా అభిప్రాయం దీనికి పూర్తిగా ఎదురు. ఈ రంగంలో ముప్ఫై ఏళ్ళు పనిచేయదలచుకున్నవాళ్ళు 350 కోట్ల ఏళ్ళ రాళ్ళను పక్కన పెట్టి, 200 కోట్లకూ 100 కోట్లకూ మధ్య వయసున్న రాళ్ళ దగ్గర పని నేర్చుకోవాలి. అక్కడ అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చే అవకాశం ఉంది. పైగా అలాంటి రాళ్ళ కోసం విమానం ఎక్కక్కర్లేదు, వేంపల్లె, పులివెందుల చుట్టుపక్కల కావలసినన్ని ఉన్నాయి.

ఆ పందెంలో ఇంతవరకు ఏం జరిగిందో చూడండి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతంలో, సుమారు 346.5 కోట్ల ఏళ్ళ నాటి ఏపెక్స్ చెర్ట్ అనే గట్టి సిలికా రాయిలో 11 రకాల సూక్ష్మజీవుల శిలాజాలు ఉన్నాయని 1993లో విలియం షాఫ్ ప్రకటించారు. దాదాపు పదేళ్ళు ఆ మాటకు ఎదురు లేదు. 2002లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన మార్టిన్ బ్రేజియర్ బృందం అవే పలకలను మళ్ళీ సూక్ష్మదర్శిని కింద పెట్టింది. ఆ చెర్ట్ సముద్రం అడుగున పేరుకున్నది కాదు, వేడినీళ్ళు పారిన పగులులో గట్టిపడింది అంది. తీగల్లా కనిపిస్తున్నవి క్వార్ట్జ్ రేణువుల అంచుల వెంబడి చేరిన కార్బన్ మాత్రమే అంది. 2018లో షాఫ్ బృందం ఒక్కో తీగలోని కార్బన్ ఐసోటోపులను (బరువులో తేడా ఉన్న కార్బన్ రకాలను) విడివిడిగా కొలిచి, ఇవి జీవులే అని మళ్ళీ వాదించింది. పాతికేళ్ళయినా ఆ ఒక్క రాయి మీద అందరూ ఒప్పుకున్న తీర్పు రాలేదు.

గ్రీన్లాండ్‌దీ ఇదే తీరు. 385 కోట్ల ఏళ్ళ నాటివన్న అకీలియా రాళ్ళలో, ఎపటైట్ స్ఫటికాల లోపల, జీవం వదిలిన గ్రాఫైట్ ఉందని 1996లో అన్నారు. 2005లో మరో బృందం వెతికితే ఆ స్ఫటికాల్లో గ్రాఫైటే కనిపించలేదు. ఇసువాలో 370 కోట్ల ఏళ్ళ స్ట్రోమటోలైట్లు, అంటే సూక్ష్మజీవుల చాపలు పొరలుపొరలుగా కట్టిన రాతి దిబ్బలు, దొరికాయని 2016లో వార్త వచ్చింది. 2018లో ఎబిగేల్ ఆల్‌వుడ్ బృందం వాటిని మూడు దిశల్లోంచి కోసి చూసింది. శంకువుల్లా కనిపించినవి నిజానికి రాయి సాగిన దిశలోనే సాగిన పొడవాటి గట్లు, లోపల పొరలు కూడా లేవు.

ఇందులో మనుషుల తప్పు తక్కువ, రాయి గుణం ఎక్కువ. అంత పాత రాళ్ళు దాదాపు అన్నీ కనీసం ఒకసారి 300 డిగ్రీలో, 500 డిగ్రీలో వేడి చూసినవే. ఆ వేడికి కణాల ఆకారం చెదిరిపోతుంది, అణువులు విరిగిపోతాయి, చివరికి నల్లటి కార్బన్ మిగులుతుంది. మిగిలిన కార్బన్‌లో బరువైన ఐసోటోపు 25 పర్ మిల్ (వెయ్యికి 25 వంతులు) తక్కువగా ఉంటే జీవం పని అనుకుంటాం. కానీ వేడినీళ్ళు, ఇనుము, కార్బన్ వాయువులు కలిసినచోట జీవం లేకుండానే అంత తేడా రాగలదని ప్రయోగశాలలో చేసి చూపించారు. చేతిలో మిగిలిన ఒక్క సాక్ష్యానికీ రెండు అర్థాలు ఉన్నప్పుడు ఎంత నిజాయితీగా పనిచేసినా వాదన తెగదు.

నా మాటకు బలమైన ఉదాహరణ ఒక శాస్త్రవేత్త వృత్తి జీవితం. యోఖెన్ బ్రాక్స్ 1999లో, పరిశోధక విద్యార్థిగా ఉండగానే, సైన్స్ పత్రికలో పెద్ద సంచలనం రేపారు. పిల్బరాలోని 270 కోట్ల ఏళ్ళ షేల్ (బురద గట్టిపడిన) రాళ్ళలో స్టెరేన్లు, 2-మిథైల్ హోపేన్లు దొరికాయన్నది ఆ వ్యాసం. స్టెరేన్లు అంటే కొలెస్టరాల్ లాంటి స్టెరాల్స్ రాయిలో మిగిల్చిన అస్థిపంజరాలు. కేంద్రకం ఉన్న కణాలు వాటిని తయారుచేస్తాయి. 2-మిథైల్ హోపేన్లు అప్పటి అవగాహన ప్రకారం ఆక్సిజన్ వదిలే సయనోబాక్టీరియా గుర్తు. అంటే గాలిలో ఆక్సిజన్ నిలబడడానికి 30 కోట్ల ఏళ్ళ ముందే ఈ రెండు రకాల జీవులూ ఉన్నట్టు. ఒక కొలెస్టరాల్ అణువు తయారవడానికి 11 ఆక్సిజన్ అణువులు ఖర్చవుతాయి కాబట్టి ఆ ఫలితం ఎంత బరువైనదో ఊహించండి.

తరువాత రెండు వైపుల నుంచీ దెబ్బ తగిలింది. 2007లో రోడోసూడోమోనాస్ పాలుస్ట్రిస్ అనే ఊదా బాక్టీరియా, ఆక్సిజన్ లేనిచోట కూడా 2-మిథైల్ హోపేన్ల మూలపదార్థాన్ని తయారుచేస్తుందని తేలింది. దాంతో అది సయనోబాక్టీరియాకే సొంతమైన గుర్తు కాకుండా పోయింది. 2008లో బిర్గర్ రాస్‌ముస్సెన్ బృందం అదే రాయిలో అచ్చంగా రాయికే చెందిన కార్బన్ చుక్కలను నానోసిమ్స్ అనే, అతి చిన్న చుక్కలో ఐసోటోపులు కొలిచే యంత్రంతో, ఉన్నచోటే కొలిచింది. రాయిలోంచి ద్రావకంతో లాగిన నూనెకూ, రాయిలోని కార్బన్‌కూ ఐసోటోపుల్లో 10 నుంచి 20 పర్ మిల్ తేడా ఉంది. ఒకటి రెండోదాని నుంచి వచ్చే అవకాశమే లేదు. ఆ నూనె, సుమారు 220 కోట్ల ఏళ్ళ కిందట రాయి బాగా వేడెక్కిన తరువాత ఎప్పుడో బయటి నుంచి వచ్చి చేరింది. ఆ వ్యాసం రాసినవాళ్ళలో బ్రాక్స్ కూడా ఒకరు. 2015లో, ప్రత్యేకంగా శుభ్రంగా తవ్విన కొత్త కోర్లను (భూమిలోంచి తీసిన రాతి కడ్డీలను) పరీక్షిస్తే, గ్రాముకు పికోగ్రాముల స్థాయిలో వెతికినా ఆ రాళ్ళలో వాటి సొంత స్టెరేన్లు గానీ హోపేన్లు గానీ దొరకలేదు.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ తరువాతి అధ్యాయం. బ్రాక్స్ ఉత్తర ఆస్ట్రేలియాలోని బార్నీ క్రీక్ రాళ్ళ దగ్గర పనిచేశారు. వాటి వయసు 164 కోట్ల ఏళ్ళు, చమురు పుట్టే వేడిని దాటనివి. 2005లో అక్కడ ఒకెనేన్ దొరికింది. గంధకం తినే ఊదా బాక్టీరియాలో కొన్ని తయారుచేసే ఒకెనోన్ అనే రంగు పదార్థం మిగిల్చిన అణువు అది. దాన్నిబట్టి అప్పటి నీళ్ళలో వెలుతురు అందే లోతుకే హైడ్రోజన్ సల్ఫైడ్ వచ్చేదని తెలిసింది. 2023లో బ్రాక్స్, బెంజమిన్ నెటర్‌షైమ్ బృందం అవే రాళ్ళలో ప్రోటోస్టెరాల్స్ ఆనవాళ్ళు చూపించింది. ఇప్పటి జీవులు కొలెస్టరాల్ చేసే దారిలో మధ్యలో వచ్చే లానోస్టెరాల్ లాంటివి ఒకప్పుడు అవే చివరి సరుకు అయి ఉంటాయని 1964 నోబెల్ గ్రహీత కొన్రాడ్ బ్లాక్ ఎప్పుడో ఊహించారు. లానోస్టెరాల్‌కు ఒక్క ఆక్సిజన్ అణువు చాలు. అంతకుముందు రసాయనవేత్తలు ఆ కాలపు రాళ్ళలో ఇప్పటి స్టెరాల్స్ ఆనవాళ్ళ కోసం వెతికి, ఏమీ లేవని రాసేవారు. ఈ బృందం ముందుగా లానోస్టెరాల్ వంటివాటిని ప్రయోగశాలలో కృత్రిమంగా పండించి, కోట్ల ఏళ్ళ తరువాత అవి ఏ రూపంలో మిగులుతాయో తెలుసుకుంది. తరువాత ఆ రూపాల కోసం వెతికింది. 164 కోట్ల ఏళ్ళ నుంచి సుమారు 80 కోట్ల ఏళ్ళ దాకా అవి విరివిగా కనిపించాయి. కొన్ని బాక్టీరియా కూడా లానోస్టెరాల్ చేస్తాయి కాబట్టి అన్నీ కేంద్రకమున్న కణాలవే అనలేం. కానీ అది తేల్చుకోగల సందేహం. ఏపెక్స్ సందేహానికీ దీనికీ ఎంత దూరం!

270 కోట్ల ఏళ్ళ రాయిలో కూలిన పని 164 కోట్ల ఏళ్ళ రాయిలో నిలబడింది. అదే మనిషి, అదే రకం పని. మారినవి రెండే: రాయి చూసిన వేడి, కల్తీని పట్టుకునే క్రమశిక్షణ.

ఆ క్రమశిక్షణను మన దగ్గర తగినంతగా నేర్పడం లేదు, అందుకే కాస్త వివరంగా రాస్తాను. అణువుల కోసం తీసే రాయిని చేతితో ముట్టకూడదు, మార్కర్‌తో రాయకూడదు, ప్లాస్టిక్ సంచిలో వేయకూడదు. పాలిథీన్ నుంచి కొన్ని శాఖల ఆల్కేన్లు రాయిలోకి దిగుతాయి, క్రొమాటోగ్రామ్‌లో (అణువులను విడదీసి చూపే గ్రాఫ్‌లో) సమాన దూరాల్లో శిఖరాలుగా కనిపిస్తాయి. వాటినే పురాతన జీవుల గుర్తులని పొరబడ్డ సందర్భాలు ఉన్నాయి. అల్యూమినియం రేకును 450 డిగ్రీల దగ్గర రాత్రంతా కాల్చి, అందులో చుట్టి, పైన గుడ్డ సంచి వేయాలి. కోర్ అయితే బయటి పొరను కొన్ని మిల్లీమీటర్ల మందాన రంపంతో తీయాలి. ఆ తీసినదాన్ని పారేయకూడదు, అసలు కీలకం అదే. బయటి ముక్కను, లోపలి ముక్కను వేర్వేరుగా పొడిచేసి, వేర్వేరుగా డైక్లోరోమీథేన్‌తో లాగి, పక్కపక్కన పెట్టి చూడాలి. బయట ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ తక్కువ అయితే అది తవ్వకంలోనో గోదాములోనో పట్టిన నూనె. ప్రతి నమూనాకూ ముందు, కాల్చిన ఇసుకను అదే మరలో పొడిచేసి, అదే ద్రావకంతో, అదే గాజు సామానుతో చివరిదాకా నడపాలి. ఆ ఖాళీ పరుగులో స్టెరేన్లు కనిపిస్తే ఆ వారం ఫలితాలన్నీ పక్కన పెట్టాలి. ద్రావకాన్ని నైట్రోజన్ కింద ఎగరగొట్టేటప్పుడు పూర్తిగా ఎండనిస్తే తేలిక అణువులు పోతాయి, అడుగున కొద్దిగా తడి ఉండగానే ఆపాలి. సిలికా గొట్టంలో వేరుచేశాక సంతృప్త భాగాన్ని మాత్రమే చూసి ఆరోమాటిక్ (బెంజీన్ వలయాలున్న) భాగాన్ని వదిలేసే అలవాటు చాలా చోట్ల ఉంది. పాత రాళ్ళలో స్టెరాయిడ్లు మిగిలేది ఎక్కువగా ఆరోమాటిక్ రూపంలోనే.

ఇప్పుడు మన కడప బేసిన్ సంగతి. 1872లోనే విలియం కింగ్ భారత భూవిజ్ఞాన సర్వే కోసం ఈ రాళ్ళ గురించి పెద్ద గ్రంథం రాశారు. అడుగున గుల్చేరు క్వార్ట్జైట్ (గట్టిపడిన ఇసుకరాయి), దాని మీద వేంపల్లె డోలమైట్లు (మెగ్నీషియం ఉన్న సున్నపురాయి), ఆపైన పులివెందుల క్వార్ట్జైట్, తాడిపత్రి షేళ్ళు. తాడిపత్రి పొరల్లోకి చొచ్చుకొచ్చిన పులివెందుల సిల్ (పొరల మధ్య కరిగిన రాయి పలకలా గట్టిపడినది) వయసు సుమారు 188.5 కోట్ల ఏళ్ళు. కాబట్టి దాని కిందున్న వేంపల్లె పొరలు అంతకన్నా పాతవి. గాలిలో ఆక్సిజన్ నిలబడిన 240–230 కోట్ల ఏళ్ళ నాటి కాలానికీ, బార్నీ క్రీక్‌కూ మధ్య ఖాళీలో ఇవి సరిగ్గా కూర్చుంటాయి. వేంపల్లె స్ట్రోమటోలైట్ల చెర్ట్‌లో సూక్ష్మశిలాజాలను 1978లోనే కె.ఎన్. ప్రసాద్‌తో కలిసి వర్ణించినది ఎవరో కాదు, ఏపెక్స్ షాఫే. ఇళ్ళల్లో పరిచే నాపరాయిని చూసి ఇదే అనుకోకండి. అది ఎక్కువగా కర్నూలు గ్రూపులోని నార్జి సున్నపురాయి, వయసులో బాగా చిన్నది.

వేంపల్లె డోలమైట్‌లో స్ట్రోమటోలైట్లు బోర్లించిన గిన్నెలను ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే రాయి మీద పొంగదు, గీకి పొడి చేసి వేస్తే పొంగుతుంది. అది డోలమైట్. కత్తితో గీత పడని నల్లటి పట్టీ ఉంటే చెర్ట్. శిలాజాల కోసం ఆ నల్ల చెర్టే కావాలి. గోపురం ఆకారం కనబడగానే జీవం అని రాసేయకండి. నీటిలోంచి ఖనిజం దానంతట అదే పేరుకున్నా గోపురాలు రాగలవని 1996లో గ్రోట్జింగర్, రోత్‌మన్ చూపించారు. పొరల మందం అన్నిచోట్లా ఒకటేనా, లేక శిఖరం దగ్గర దళసరి అవుతోందా? ఇసుక రేణువులు నిలవలేనంత ఏటవాలులో కూడా అతుక్కుని ఉన్నాయా? అలలకు లేచి, మడతపడి, మళ్ళీ పడిన మెత్తటి చాప ముక్కలు పక్కన ఉన్నాయా? ఈ మూడూ చూడకుండా తీసిన ఫొటోకు విలువ లేదు. నిలిచి ఉన్న గోపురాల మీద సుత్తి వేయకండి, దయచేసి. పక్కన రాలిన ముక్కలు థిన్ సెక్షన్‌కు (సూక్ష్మదర్శిని కోసం పలచగా కోసే రాతి పొరకు) చాలు.

వేడి కొలవడం అన్నిటికన్నా ముందు పని. బేసిన్ పడమటి భాగంలో పొరలు కొద్దిపాటి వాలుతో ప్రశాంతంగా ఉన్నాయి. తూర్పున నల్లమల వైపు మడతలుపడి నలిగాయి, అటు పోవద్దు. పడమట కూడా సిల్‌ల దగ్గర జాగ్రత్త. సిల్‌లోని డోలరైట్ (నల్లటి అగ్నిశిల) వేడి తగిలిన డోలమైటే పులివెందుల చుట్టుపక్కల ఆస్బెస్టాస్‌గా, బలపపు రాయిగా మారింది. సాధారణంగా సిల్ మందానికి ఒకటి రెండు రెట్ల దూరం దాకా ఆ వేడి ప్రభావం ఉంటుంది, ఆ పట్టీలో అణువులు వెతకడం వృథా. మిగిలినచోట రామన్ స్పెక్ట్రోస్కోపీ (లేజర్ కాంతి చెదిరే తీరును కొలవడం) చేయండి. కార్బన్‌కు 1350 cm⁻¹ దగ్గర ఒక పట్టీ, 1600 cm⁻¹ దగ్గర ఒక పట్టీ వస్తాయి. వాటి ఆకారాన్నిబట్టి రాయి చూసిన గరిష్ఠ వేడి అంచనా వేయవచ్చు. ఇక్కడ రెండు పొరపాట్లు తరచు జరుగుతాయి. లేజర్ బలం ఎక్కువైతే అదే కార్బన్‌ను కాల్చి ఆకారం మార్చేస్తుంది. మెరుగుపెట్టిన ఉపరితలం మీద ఉన్న కార్బన్‌ను కొలిస్తే రాపిడికి చెదిరిన నిర్మాణం కనిపిస్తుంది. పారదర్శక ఖనిజం లోపల, ఉపరితలానికి కాస్త కిందున్న రేణువునే కొలవాలి. 200 డిగ్రీలు దాటిందని తేలితే స్టెరాల్స్ ఆశ వదిలేసి, ఆకృతులు, గంధకం ఐసోటోపులు, లోహాల వైపు తిరగాలి. ఆ నిర్ణయం ఆరు నెలల్లోపే తీసుకోగలగడం విద్యార్థికి పెద్ద రక్ష. జూనియర్ ఫెలోషిప్ రెండేళ్ళు, సీనియర్ మూడేళ్ళు, 2023 సవరణ ప్రకారం నెలకు మొదట 37,000, తరువాత 42,000 రూపాయలు. ఆ ఐదేళ్ళలో నాలుగు, ఉడికిపోయిన రాయిలో నూనె కోసం వెతుకుతూ పోగొట్టుకోవడం ఎవరికీ తగదు.

రాళ్ళవాళ్ళు బతికున్న సూక్ష్మజీవులను పెంచడం కూడా నేర్చుకోవాలి. 2-మిథైల్ హోపేన్ పాఠం అదే. ఏ అణువు ఎవరు చేస్తారో పెంచి చూస్తేనే తెలుస్తుంది. తెలుగు నేల మీద దీనికి మంచి పునాది ఉంది. హైదరాబాద్‌లో సి.హెచ్. శశికళ, సి.హెచ్. వెంకట రమణ బృందాలు ఆక్సిజన్ వదలకుండా కిరణజన్య సంయోగక్రియ చేసే బాక్టీరియాలో ఎన్నో కొత్త జాతులను వర్ణించాయి. 2007లో పేరు పెట్టిన మారిక్రొమాటియం భీమ్లికమ్ వాటిలో ఒకటి, భీమిలి పేరు మోస్తోంది. ఒకెనోన్ చేసే బాక్టీరియా కూడా ఈ కుటుంబానివే, అయితే కుటుంబంలో అందరూ చేయరు. నీటిని మరిగించి, నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ 80:20 మిశ్రమంతో ఆక్సిజన్‌ను తరిమి, బ్యూటైల్ రబ్బరు బిరడా బిగించాలి. లీటరుకు ఒక మిల్లీగ్రాము రెసజురిన్ అనే రంగు సూచిక వేస్తే, ఆక్సిజన్ మిగిలి ఉన్నంతసేపూ గులాబీ రంగు పోదు. సల్ఫైడ్ ఒకేసారి ఎక్కువ పోస్తే అవే చస్తాయి, ఒకటి రెండు మిల్లీమోలార్ చొప్పున విడతలుగా ఇవ్వాలి. ఈమధ్య చాలా ల్యాబుల్లో పెంపకం విఫలమవడానికి కారణం దీపం. ఊదా బాక్టీరియా 800–880 నానోమీటర్ల పరారుణ కాంతిని వాడుకుంటాయి. పాత ఫిలమెంటు బల్బులో అది పుష్కలం, తెల్ల ఎల్ఈడీలో దాదాపు లేదు. 850 నానోమీటర్ల ఎల్ఈడీలు తెచ్చి పెడితే చాలావరకు పని చక్కబడుతుంది.

350 కోట్ల ఏళ్ళ రాళ్ళను అందరూ వదిలేస్తే జీవం పుట్టుక మాటేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. వేడికి చెదరని సాక్ష్యం ఉన్నచోట ఆ రాళ్ళు గొప్పగా మాట్లాడతాయి. 2000లో జేమ్స్ ఫార్కర్ బృందం కనిపెట్టిన గంధకం ఐసోటోపుల తేడా అలాంటిది. అతినీలలోహిత కాంతి సల్ఫర్ డయాక్సైడ్‌ను విడగొట్టినప్పుడు పుట్టే ఆ అసాధారణ నిష్పత్తి ఎంత వేడికీ చెరగదు, సుమారు 240–230 కోట్ల ఏళ్ళ మధ్య ప్రపంచమంతటా మాయమైంది. ఆక్సిజన్ చరిత్రకు నేటికీ అదే గట్టి ఆధారం. పిల్బరాలో స్ట్రెల్లీ పూల్ స్ట్రోమటోలైట్ల మీద ఆల్‌వుడ్ 2006లో చేసిన పని కూడా నిలబడింది. ఒక్క గోపురాన్ని కాకుండా కిలోమీటర్ల పొడవునా విస్తరించిన దిబ్బ మొత్తాన్ని, ఏడు రకాల ఆకారాలు ఎక్కడెక్కడ మారాయో చూసి వాదించారు కాబట్టి. అంత చేయగల చేయి మధ్యకాలపు రాళ్ళ మీద తిరిగి రావాలి, నేను అడిగేది అంతే.

కడపలో చేయవలసిన మొదటి పని, జీవం కోసమే ఒక కోర్ తవ్వడం. మన ఎండావానలకు బయట పడివున్న షేల్‌లో సేంద్రియ పదార్థం ఎప్పుడో ఆక్సీకరణం చెంది తెల్లబడింది. అది ఆకృతులకు పనికొస్తుంది గానీ అణువులకు కాదు. తుమ్మలపల్లె యురేనియం కూడా వేంపల్లె డోలమైట్‌లోనిదే, దాని కోసం అన్వేషణ తవ్వకాలు చాలా జరిగాయి. పొరల లోతులు, మందాలు తెలుసుకోవడానికి ఆ సమాచారం అమూల్యం. కానీ ఖనిజం కోసం తవ్విన కోర్ వేరు, అణువుల కోసం తవ్వేది వేరు. దీనికి డీజిల్ గానీ పాలిమర్ బురద గానీ వాడకుండా ఉత్త నీళ్ళతో తవ్వాలి. రాడ్ల జాయింట్లకు పూసే గ్రీజు నమూనాను, తవ్విన నీటి నమూనాను రోజూ సీసాలో పట్టి దాచాలి, రేపు కోర్‌లో కనిపించే ప్రతి శిఖరాన్నీ వాటితో పోల్చాలి కాబట్టి. సిల్‌కు దూరంగా, నల్ల షేల్ దళసరిగా ఉన్నచోట రంధ్రం పడాలి. వచ్చిన కోర్‌ను నిలువునా చీల్చి సగం రేకులో చుట్టి ముట్టకుండా ఉంచాలి. మిగతా సగాన్ని ఒకదానికొకటి సంబంధం లేని రెండు మూడు ప్రయోగశాలలకు ఒకేసారి పంపాలి, వాటితోపాటు ఏ రాయో చెప్పని ఖాళీ నమూనా కూడా. ఇంత పట్టింపుకు డబ్బు ఇచ్చేవాళ్ళు యంత్రం కొనడానికి ఇచ్చినంత తేలిగ్గా ముందుకు రారు. అయినా ప్రతి ప్రతిపాదనలో ఈ ఖర్చును మొదటి వరుసలోనే రాసి అడగాలి.